రెండు తలల దూడతో మద్రాసు ప్రయాణం

మద్రాసు వెళ్ళొచ్చినవాళ్ళు సముద్రం చూశామంటారు, సినిమా వాళ్ళ ఇళ్ళు చూశామంటారు, కొన్న చీరలు విప్పి చూపిస్తారు. నేను అవేవీ చూడలేదు. మా కాట్రేనికోన అవతల ఉన్నదీ ఆ సముద్రమే కదా, అంత ఖర్చుపెట్టి వెళ్ళి మళ్ళీ దాన్నే చూడడం దేనికి? నేను చూసి వచ్చింది మా గౌరి ఆవు ఈనిన దూడ లోపలిభాగం. కత్తి పెట్టకుండా, చర్మం మీద గాటు పడకుండా, లోపలున్న ఎముకలనీ ఊపిరితిత్తులనీ బొమ్మలు వేసి చూపించారు. వచ్చిన దగ్గర్నుంచి అడిగినవాళ్ళందరికీ చెప్పి నోరు నొప్పెట్టింది. రాసిపెడితే నలుగురూ చదువుకుంటారని మనవరాలు విజయ అంది. నేను చదివింది మూడో తరగతి. తప్పులు తను దిద్దుతానంది కాబట్టి రాస్తున్నాను.

ముందు దూడ సంగతి చెప్పాలి. పదేళ్ళ కిందట మా గౌరి రెండు తలల దూడని ఈనింది. ఒకటే ఒళ్ళు, నాలుగే కాళ్ళు, మెడ దగ్గర చీలి రెండు తలలు. ఆ రోజు నేను ఊళ్ళో లేను, ద్రాక్షారామం వెళ్ళాను. మర్నాడు వచ్చేసరికి కొట్టంలో దూడ లేదు. చచ్చి పుట్టిందనీ, అమలాపురం కాలేజీవాళ్ళు వచ్చి పట్టుకెళ్ళారనీ మావారు చెప్పారు. మా ఇంట్లో దూడ పోతే కొబ్బరిచెట్టు మొదట్లో ఉప్పు వేసి పాతిపెడతాం. ఆ చెట్టు కాయలు ఇంట్లోకి వాడుకుంటాం తప్ప అమ్మకానికి పెట్టం. మా అత్తగారు అలాగే చేసేవారు, నేనూ అలాగే చేస్తూ వచ్చాను. గౌరి దూడ ఒక్కటే మట్టిలో కలవకుండా కాలేజీలో గాజుతొట్టిలో, మందునీళ్ళలో ఉండిపోయింది. గౌరి దానికోసం రోజుల తరబడి అరిచింది. ఇంటి దూడని ఊళ్ళోవాళ్ళకి వేడుక చెయ్యడానికి మీకు చేతులెలా వచ్చాయని మావారిని నిలదీశాను. ఆయన గౌరికి గడ్డి వెయ్యడానికి కొట్టంలోకి వెళ్ళిపోయారు. ఆయన పోయేదాకా ఆ మాట మా మధ్య అలాగే ఉండిపోయింది.

విజయ మా పెద్దబ్బాయి కూతురు. ఇప్పుడు ఆ కాలేజీలోనే జంతుశాస్త్రం చెబుతోంది. ఈ మధ్య ఒకరోజు వచ్చి, గాజుతొట్టి కారుతోందనీ, దూడని కోసి మాంసం తీసేసి ఎముకలు తీగెతో గుచ్చి నిలబెట్టాలని ప్రిన్సిపాలు గారు అనుకుంటున్నారనీ చెప్పింది. రెండు తలలూ లోపల ఎక్కడ కలిశాయో పిల్లలకి చూపించాలట. నేను ఆ పూటే అమలాపురం బస్సెక్కాను. విజయే ఒక దారి చెప్పింది. మద్రాసులో పెద్ద ఆసుపత్రులకి కొత్తగా స్కాన్ యంత్రాలు వచ్చాయట, తన స్నేహితురాలి అన్నగారు అలాంటి ఆసుపత్రిలోనే డాక్టరట, ఆదివారం రోగులు ఉండరు కాబట్టి దూడని పెట్టి చూస్తామన్నారట. ప్రిన్సిపాలు గారు నాకు మాట ఇచ్చారు.

"బొమ్మలు బాగా వస్తే మాకు అవి చాలండి. దూడని మీరు తీసుకెళ్ళి పాతిపెట్టుకోండి. రాకపోతే మాత్రం కొయ్యాల్సిందేనండి," అన్నారు.

దూడని మట్టిలో కలిపే దారి అదొక్కటే. అందుకని నేనూ వస్తానన్నాను. అంత దూరం పరాయివాళ్ళ చేతికి వదిలితే, అక్కడా ఎవరో ఒకరు గాజుతొట్టి చూపించి ఉంచేసుకుంటారు. పెట్టె మొయ్యడానికి మా మరిది సూర్రావుని రమ్మన్నాను. నేను కాపరానికి వచ్చేనాటికి సూర్రావు నిక్కర్లేసుకునేవాడు. నా చేతి ముద్దలు తిని పెరిగాడు. భార్య పోయాక మా ఇంట్లోనే ఉంటున్నాడు. ఏం చెప్పినా ఆయ్ అనడం తప్ప ఎదురుచెప్పడం తెలియని మనిషి. ఆ రోజు మాత్రం నసిగాడు.

"ఎందుకండీ వదినా, ఎముకలు నిలబెట్టుకుంటామంటే నిలబెట్టుకోనివ్వండి. పోయినదాన్ని ఊళ్ళు తిప్పడం దేనికండీ?"

"నిన్ను రమ్మన్నది పెట్టె మొయ్యడానికి, సలహాకి కాదు."

"ఆయ్," అన్నాడు.

అమలాపురం బస్సు

నా పెళ్ళినాటి రేకుపెట్టె ఈ పనికి ఇచ్చాను. కొత్తపెట్టె కొనడం దండగ. దూడని తడిగుడ్డల్లో చుట్టి, వాటి మీద ప్లాస్టిక్ కాగితం చుట్టి, పెట్టెలో పడుకోబెట్టారు. పదేళ్ళ తరవాత దాన్ని అంత దగ్గరగా చూడడం అదే. బూడిదరంగుకి తిరిగిపోయింది. కళ్ళు మూసి ఉన్నాయి, నాలుగూను. ఎన్ని గుడ్డలు చుట్టినా మందు వాసన ఆగదు. ఉల్లిపాయలు తరిగినట్టు కళ్ళమ్మట నీళ్ళు వస్తాయి.

బస్సు కండక్టరు ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని వచ్చాడు. "ఏం పెట్టేరండీ ఇందులో?"

"దూడండి," అన్నాడు సూర్రావు.

"దూడాండీ?"

"పోయి పదేళ్ళయిందండి."

"పదేళ్ళంటే ఈపాటికి ఎద్దయిపోయుంటాది కదండీ. ఎద్దు చార్జీ ఇప్పించండి."

బస్సులో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. చచ్చినదానికి వయసు పెరగదని చెప్పి, కొబ్బరికాయల బస్తాకి ఎంత తీసుకుంటాడో అంతే ఇచ్చాను. పెట్టె టాపు మీదకి ఎక్కింది. కొత్తపేటలో బస్సు ఆగినప్పుడు మా ఊరి మునసబు గారి భార్య కిటికీ దగ్గరికొచ్చి, ఎక్కడికండీ అంది. దూడకి ఫొటో తీయించడానికి మద్రాసు అన్నాను. ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసి, జాగ్రత్తగా వెళ్ళి రండి అని విజయతో అంది.

రావులపాలెంలో గెలలోంచి కోసిన ఒక అత్తం అరటిపళ్ళు బేరమాడి కొన్నాను. రైల్లో అమ్మేవి ఏ ఊరివో తెలియదు. రాజమండ్రి స్టేషన్లో కూలీ పెట్టె చూసి అయిదు రూపాయలడిగాడు. మూడు ఇస్తానన్నాను. పెట్టె ఎత్తి, వాసన తగిలాక కింద పెట్టేసి, ఇరవై ఇచ్చినా మొయ్యనన్నాడు. చివరికి సూర్రావే మోశాడు. ఆ మూడు రూపాయలూ మిగిలాయని నేనంటే విజయ నవ్వింది. సూర్రావు నవ్వలేదు. దారిపొడుగునా అతను ఏదో తప్పిపోయిన వస్తువుని వెతుకుతున్నవాడిలా ఉన్నాడు. దూరప్రయాణం పడలేదేమో అనుకున్నాను.

రైలు

ఆ వాసన వల్ల ఒక మేలు జరిగింది. మా ఎదురు బల్ల మీద కూర్చున్న ఇద్దరు వ్యాపారస్తులు బెజవాడ రాకముందే లేచి వేరే చోటు చూసుకున్నారు. ఆ చోటులోకి బెజవాడలో నెల్లూరు వైపు దంపతులు ఎక్కారు. ఆవిడకి నలభై ఉంటాయి. భర్తని చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. ఆయనకి కొన్నాళ్ళుగా తలలో పోటు, ఒక కన్ను సరిగ్గా ఆనడం లేదు. బెజవాడ డాక్టర్లు మద్రాసులో తలకి స్కాన్ తీయించమన్నారట. మేం కూడా దానికే వెళ్తున్నామని విజయ చెప్పింది.

"మీలో ఎవరికి బాగలేదమ్మా?" అని ఆవిడ మమ్మల్ని ముగ్గుర్నీ వరసగా చూసింది.

విజయ పెట్టె వైపు చూపించి సంగతి చెప్పింది. ఆవిడ నవ్వుతుందనుకున్నాను, లేకపోతే అసహ్యపడుతుందనుకున్నాను. రెండూ కాలేదు. జరిగి నా పక్కకి వచ్చింది.

"మీరు ముందు పోతున్నారు గదా పెద్దమ్మా. లోపలికి పంపిస్తే ఊపిరాడదంటారు. నిజమో కాదో చూసి నాకు చెప్పాల."

చెబుతానన్నాను. వాళ్ళు దిగేది మేం దిగే సత్రంలోనే అని తెలిసింది. నా డబ్బాలోని దిబ్బరొట్టె అయిదు ముక్కలు చేసి, బెల్లం పానకం పోసి అందరికీ పెట్టాను. నెల్లూరువాళ్ళు రొట్టెని చూసి, ఇంత మందంగా ఎలా కాలుతుందని అడిగారు. ఇత్తడి గిన్నె, సన్నటి సెగ, పైన నిప్పులు అని చెప్పాను. వాళ్ళు తెచ్చిన చేపలపులుసు అన్నం మావాళ్ళకి పెడతామన్నారు గానీ, రైల్లో ఒకరి గిన్నెలో ఒకరు చెయ్యి పెట్టడం నాకు పడదు. సూర్రావు మొహంలో ఆశ కనిపించింది. పట్టించుకోలేదు.

మద్రాసు

మద్రాసు సెంట్రల్ నుంచి సత్రానికి రిక్షా. రిక్షా అతను అడిగినదాంట్లో సగానికి బేరం మొదలుపెట్టాను. అతను అరవంలో తిట్టినట్టున్నాడు. నాకు అర్థం కాలేదు కాబట్టి బాధ లేదు. సత్రం తెలుగువాళ్ళదే. గది శుభ్రంగా ఉంది, గచ్చు చల్లగా ఉంది, బావి నీళ్ళు మాత్రం ఉప్పగా ఉన్నాయి.

అక్కడి ఆడవాళ్ళు ఆఫీసులకి వెళ్ళేటప్పుడు కూడా మూరెడు మల్లెపూలు పెట్టుకుంటారు. అది నచ్చింది. కాఫీ ఇత్తడి గిన్నెలో గ్లాసు బోర్లించి ఇస్తారు. గ్లాసు పైకెత్తి పొయ్యడానికి నేను తెలియక ఎడమచెయ్యి వాడితే పైటంతా తడిసింది. రూపాయి కాఫీలో ముప్పావు వంతు చీరకే పోయింది. కొబ్బరికాయల ధర అడిగాను. మా దగ్గర వ్యాపారి వచ్చి వంద కాయలకి ఇచ్చే డబ్బు పెడితే అక్కడ నలభై కూడా రావు. అది మా వైపు కాయేనని బుడిపె చూసి పోల్చుకున్నాను. మధ్యలో ఎవరు తిన్నారో అడగడానికి ఆ దుకాణం వాడికి తెలుగు రాదు.

హోటల్లో భోజనానికి కూర్చున్నాం. ముందు సాంబారు, తరవాత చారు. ముద్దపప్పు అడిగితే మళ్ళీ సాంబారే పోశారు. గోంగూర లేదు, ఆవకాయ పేరుకి ఉంది. నెయ్యి వడ్డించేవాడు నాకు వేసి, విజయకి వేసి, సూర్రావు ఆకు దాటిపోయాడు. నేను చెయ్యి అడ్డం పెట్టి ఆపాను. పంక్తిలో కూర్చున్నవాళ్ళలో ఒకరికి వడ్డించి ఒకరికి మానెయ్యడాన్ని మా ఇంట్లో వలపక్షం అంటాం. అంతకన్నా పెద్ద పాపం లేదని మా ఇంట్లో పిల్లలందరికీ, చిన్నప్పటి సూర్రావుతో సహా, నేనే నేర్పాను. బెల్లంముక్క ఉన్నా పళ్ళతో కొరికైనా సమంగా పంచాల్సిందే. ఆ సర్వరు విసుక్కుంటూ వెనక్కొచ్చి నెయ్యి వేశాడు.

"నాకొద్దులెండి వదినా," అన్నాడు సూర్రావు.

"వద్దనడం నీ ఇష్టం. వెయ్యకపోవడం వాడి ఇష్టం కాదు," అన్నాను.

అతను ఆకులోకి చూస్తూ అన్నం కెలికి లేచిపోయాడు.

యంత్రం గది

ఆదివారం పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరు గారు తెలుగాయనే, మెత్తటి మనిషి. ఆయనకి ఆత్రేయపురం పూతరేకులు తీసుకెళ్ళాను. పెట్టె పక్కన పెట్టిన పాపానికి పూతరేకులకి మందు వాసన పట్టింది. ఆయన ఒకటి నోట్లో పెట్టుకుని, మొహం మారకుండా చాలా బాగుందమ్మా అన్నారు. మిగతావి తినక్కర్లేదని నేనే చెప్పాను.

యంత్రం గది మాఘమాసం తెల్లవారుఝాములా చల్లగా ఉంది. ఆ చలి మనుషుల కోసం కాదట, యంత్రం వేడెక్కకుండానట. గది మధ్యలో గోడంత దిమ్మె, దాని నడుమ తిరగలి కంతలా గుండ్రటి ఖాళీ. దాని ముందు సన్నటి బల్ల. దూడని ఆ బల్ల మీద పడుకోబెట్టి, తలలు రెండూ సమంగా ఉండేలా దిండ్లు ఆనించారు. బల్ల దానంతటదే కంతలోకి జరుగుతుంది. మేమంతా పక్కగదిలో అద్దం వెనక కూర్చున్నాం.

"మనుషులైతే ఊపిరి బిగబట్టమని చెప్పాలమ్మా. కదలద్దని బతిమాలాలి. మీ దూడంత బుద్ధిగా ఇంతవరకూ ఎవరూ పడుకోలేదు," అన్నారు డాక్టరు గారు.

నాకు అర్థమైనంతలో చెబుతాను. అరటిదూటని చక్రాలుగా తరిగితే ఒక్కో చక్రంలో లోపలి పొరలు ఎలా కనిపిస్తాయో, ఈ యంత్రం కత్తి లేకుండా ఒంటిని అలా చక్రాలు చక్రాలుగా చూపిస్తుంది. బల్ల కొంచెం జరుగుతుంది, లోపల ఏదో గిర్రున తిరుగుతుంది, కాసేపటికి టీవీలాంటి పెట్టె మీద ఒక చక్రం కనిపిస్తుంది. మళ్ళీ కొంచెం జరుగుతుంది. ఎముక తెల్లగా ఉంటుంది, మాంసం బూడిదరంగు, గాలి ఉన్నచోటు నల్లన. ముక్కుల దగ్గర మొదలుపెట్టారు. నాలుగు కళ్ళ గుంటలు, రెండు మెదళ్ళ గూళ్ళు, రెండు వరసల దంతాలు. ఇంకా చిగుళ్ళలోంచి సరిగ్గా బయటికి రాని పాలపళ్ళు. విజయ కుర్చీలో కూర్చోలేకపోయింది.

"మామ్మా, రెండు వెన్నెముకలూ భుజాల దాకా వేరేగానే వచ్చాయి చూడు. అదిగో, అక్కడ కలుస్తున్నాయి. కొయ్యక్కర్లేదు మామ్మా, అంతా కనిపిస్తోంది."

కొయ్యక్కర్లేదన్న మాటకి నా గుండె కుదుటపడింది. దూడ మాదైపోయిందనుకున్నాను.

రొమ్ము దగ్గర చక్రాలు వచ్చాయి. డాక్టరు గారు ఒక బొమ్మ దగ్గర ఆగి, ముందుకెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చారు.

"ఇది చచ్చి పుట్టిందన్నారు కదా?"

"అవునండి," అంది విజయ.

"ఊపిరి పీల్చని ఊపిరితిత్తి గట్టి ముద్దలా ఉంటుందమ్మా. ఇటు చూడండి, కుడివైపు నల్లటి చుక్కలు. గాలి వెళ్ళిన గుర్తులు. నాకు తెలిసినంతవరకూ ఇది బతికి పుట్టింది. ఎడమవైపు మాత్రం ఏదో చిక్కటిది నిండిపోయింది. ఎడమ తల గొంతు కడుపులోకి దిగలేదనిపిస్తోంది, గాలిగొట్టంలోనే కలిసింది. మెత్తటి భాగాలు ఈ యంత్రంలో అంత స్పష్టంగా రావు, తప్పయినా కావచ్చు." అని, మాలో ఎవరినని కాకుండా అడిగారు: "దీనికి పాలేమైనా పట్టారా?"

పట్టలేదని చెప్పడానికి నోరు తెరిచాను. నా వెనక నుంచి సూర్రావు గొంతు వచ్చింది.

"పట్టేమండి. రెండు నోళ్ళకీ పట్టేమండి."

మేం ముగ్గురం వెనక్కి తిరిగాం. సూర్రావు గోడకి ఆనుకుని ఉన్నాడు. అద్దం అవతల బల్ల మీదున్న దూడనే చూస్తూ చెప్పాడు.

"పొద్దున్న ఈనిందండి. మధ్యాహ్నం దాకా ఉంది. లేవలేకపోయింది గానీ, గౌరి నాకుతా ఉంటే రెండు నోళ్ళూ తెరిచేదండి. అన్నయ్య జున్నుపాలు పితికేడు. పశువులకి మందుపోసే వెదురుగొట్టాలు ఉంటాయి కదండీ, చెరొకటీ పట్టుకున్నాం. కుడివైపు అన్నయ్య, ఎడమవైపు నేను. ఒకదానికి పట్టి రెండోదానికి మానేస్తే వలపక్షం కదండీ. అన్నయ్య వైపుది గుటకేసిందండి. నా వైపుది దగ్గింది. కొత్తకదా, అలవాటవుతుందిలే అని ఇంకొంచెం పోసేను." అక్కడ ఆగాడు. డాక్టరు గారి టీవీ పెట్టె మీద ఎడమవైపు చిక్కగా నిండిన చోటు చూపించి, "అది నేను పోసిందేనాండీ?" అన్నాడు.

డాక్టరు గారు కుర్చీ అతని వైపు తిప్పుకున్నారు. "ఇలాంటివి ఎలాగూ బతకవండి. గుండె ఒకటే ఉంది, రెండు తలలకి రక్తం పంపలేదు. మహా అయితే ఇంకో రోజు," అన్నారు.

"ఆయ్," అన్నాడు సూర్రావు.

బయట వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి నేనడిగాను, నాతో ఎందుకు చెప్పలేదని.

"అన్నయ్య వద్దన్నాడండి. వదిన బెంగపెట్టుకుంటుంది, చచ్చి పుట్టిందని చెబుదాం అన్నాడండి."

నేను బెంగపెట్టుకుంటానని అనుకున్న మనిషి నా జన్మలో ఆయనొక్కరే. నా పిల్లలు కూడా అలా అనుకోరు.

"మరి కాలేజీకి ఎందుకిచ్చారు? పాతిపెడితే పోయేది కదా."

"నా గురించేనండి. నేను నా చేత్తో చంపేశానని ఏడుస్తా కూర్చున్నాను. అప్పటికే వింతని చూడ్డానికి కాలేజీ మాస్టారొకాయన వచ్చేరు. మాకిస్తే కోసి ఎందుకు పోయిందో చెబుతాం అన్నారు. 'నీ వల్ల కాదురా, కోయించి చూపిస్తాను' అని అన్నయ్య ఇచ్చేశాడండి. తీరా పట్టుకెళ్ళాక, ఇంత అరుదైనదాన్ని కొయ్యడం తప్పని తొట్టిలో పెట్టేసేరు. అన్నయ్య అమలాపురం వెళ్ళినప్పుడల్లా కాలేజీకెళ్ళి, చూశారాండీ, చూశారాండీ అని అడిగేవాడు. నాతో మాత్రం, నీ వల్ల కాదని తేలుతుంది చూడు అనేవాడు."

కొబ్బరి ధర కనుక్కోవడానికి వెళ్తున్నానని ఆయన నాతో చెప్పేవారు. పోయేముందు నెల కూడా వెళ్ళారు. ఆ వయసులో ఊరికే బస్సుచార్జీలేమిటని నేనన్నాను.

ఆయన అంతకాలం అడిగినదానికి జవాబు వచ్చింది. ఆయన కోరుకున్న జవాబు కాదు అది. లోపల్నుంచి విజయ సంతోషంగా పిలుస్తోంది, బొమ్మలన్నీ చక్కగా వచ్చాయని.

మళ్ళీ సత్రం

సాయంత్రం నెల్లూరు ఆవిడ మా గది గుమ్మంలో నిలబడి ఉంది. యంత్రం గురించి చెప్పాను. కంత రెండు వైపులా తెరిచే ఉంటుంది, గాలాడుతుంది, ఎవరూ కత్తి పట్టుకోరు, చలి ఎక్కువ కాబట్టి ఆయనకి దుప్పటి తీసుకెళ్ళు అన్నాను. ఆవిడ అన్నీ విని, "కనిపించిందంతా చెప్పేస్తారా పెద్దమ్మా?" అంది.

"అడిగితే చెబుతారు."

"అడగకుండా ఉంటే?"

 తెల్లారి మేం బయల్దేరేసరికి వాళ్ళు ఆసుపత్రికి వెళ్ళిపోయారు. ఊరిపేరు అడిగి ఉంచుకోవాల్సింది. ఆయనకేమైందో ఇప్పుడు తెలిసే దారి లేదు.

తిరుగు రైలు

గూడూరు దాటాక విజయ నా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. అది ఊరికే చెయ్యి పట్టుకునే పిల్ల కాదు.

"మామ్మా, ఒక మాట. దూడని పాతిపెట్టినా అది మట్టిలో కలవదు."

"అంటే?"

"అన్నేళ్ళు ఆ మందులో నానింది కదా. పురుగు ముట్టదు, కుళ్ళదు. ఎప్పుడు తవ్వినా ఇలాగే ఉంటుంది. పైగా ఆ మందు దిగితే చెట్టు వేరు మాడుతుంది. పక్కనే బావి కూడా ఉంది."

"ఈ సంగతి వెళ్ళేటప్పుడు తెలుసా నీకు?"

"తెలుసు. చెబితే నువ్వు మద్రాసుకి ఒప్పుకోవనీ, అప్పుడు ఇక్కడే దాన్ని కోసేస్తారనీ చెప్పలేదు."

ఇంకో రోజైతే విజయని ఆ బోగీలోనే నిలబెట్టి కడిగేసేదాన్ని. మావారు ఒకందుకు దాచారు, సూర్రావు ఒకందుకు దాచాడు, ఇది ఒకందుకు దాచింది. అందరూ నాకు చెబితే ఏమైపోతుందోననే దాచారు. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. పెట్టె మీద చెయ్యి వేసి సూర్రావు ఎదురుగా కూర్చున్నాడు. ముగ్గురికీ మూడు అరటిపళ్ళు మిగిలాయి. పంచాను. ఎవరూ తినలేదు.

మా తోట

మేం వస్తున్నామని తెలిసి పాలేరు ముందే గొయ్యి తవ్వి ఉంచాడు. పక్కన ఉప్పు బస్తా కూడా పెట్టాడు. ఊళ్ళో నలుగురు ఆడవాళ్ళు చూడ్డానికి వచ్చారు. ఈ రోజు పాతిపెట్టడం లేదని చెప్పి పంపించేశాను.

మర్నాడు పెట్టె అమలాపురం తీసుకెళ్ళాం. దూడని మీరే ఉంచుకోండని ప్రిన్సిపాలు గారితో అన్నాను. ఆయన బొమ్మల ఫిల్ములు వెలుతురుకి ఎత్తి చూసుకుంటూ, మీ దయండి అన్నారు. తొట్టి కారకుండా బాగుచేయించే ఖర్చు నేనిస్తానన్నాను. అందుకు విజయ ఆశ్చర్యపోయింది. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాను, చచ్చి పుట్టింది అని ఎవరికీ చెప్పద్దని. ఒక పూట బతికింది, తల్లి నాకింది, జున్నుపాలు తాగింది. పిల్లలకి అదే చెప్పండి అన్నాను. సరేనన్నారు. చెబుతారో లేదో.

సాయంత్రం ఇంటికి రాగానే సూర్రావు తోటలోకి వెళ్ళి గొయ్యి పూడ్చడం మొదలుపెట్టాడు. పాలేరు చేస్తాడని చెప్పినా వినలేదు. నేను వెనకాలే వెళ్ళి కొంచెం దూరంలో నిలబడ్డాను. ఓదార్చడం నాకు చేతకాదు. మా పిల్లలు పడి మోకాళ్ళు చెక్కుకున్నా, ముందు తిట్టి తరవాత పసుపు రాసేదాన్ని.

"సూర్రావ్," అన్నాను.

"ఆయ్."

"ఆ పూట నేను ఇంట్లో ఉన్నా రెండు నోళ్ళకీ పట్టేదాన్ని."

పార ఆపాడు. "దగ్గినా కూడానాండీ?"

"దగ్గినా పట్టేదాన్ని. నువ్వు మానేస్తానన్నా మాననిచ్చేదాన్ని కాదు. గొట్టం నీ చేతిలోంచి లాక్కుని నేనే పోసేదాన్ని."

 అతను తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని మళ్ళీ మట్టి తోడడం మొదలుపెట్టాడు. ఆ మాట వినాల్సినవాళ్ళు ఇద్దరు. రెండోవారు మావారు, ఆయన బతికుండగా నేను అడిగింది ఒకటే, దూడని ఎందుకిచ్చారని. ఆ పూట మీరు దాని పక్కనే ఉన్నారా అని ఒక్కసారైనా అడగలేదు.